పది నిమిషాల్లో తగ్గిపోయిన పక్షవాతం: మెడ రక్తనాళంలో పూడిక ఉంటే ఏం చేయాలి

అనంతపురం జిల్లాలో ఏదో ఒక పల్లె అనుకుందాం. పొద్దున్నే కరెంటు వచ్చింది, చీనీ తోటకు నీళ్లు వదలడానికి అరవై ఐదేళ్ల రైతు స్టార్టర్ డబ్బా దగ్గరికి పోయాడు. బటన్ నొక్కుదామంటే కుడిచేయి లేవలేదు. కొడుకును పిలుద్దామంటే మాట ముద్దముద్దగా వచ్చింది, మూతి ఒక పక్కకు లాగేసింది. కొడుకు పరిగెత్తుకొచ్చి "ఏమైంది నాయనా" అని మంచం మీద పడుకోబెట్టి మొహం మీద నీళ్లు చల్లేలోపే అన్నీ సర్దుకున్నాయి. పది నిమిషాలు, అంతే. చేయి లేచింది, మాట తేటగా వచ్చింది. "ఏం లేదులేరా, రాత్రి నిద్ర సాలక" అని ఆయన లేచి గేట్‌వాల్వ్ తిప్పడానికి పోయాడు, ఇంట్లో వాళ్లు గండం గడిచిందనుకున్నారు.

గండం గడవలేదు. దీన్ని డాక్టర్లు టీఐఏ అంటారు, మామూలుగా మినీ స్ట్రోక్ అంటుంటారు. మెదడులో ఒక చోటికి రక్తం కాసేపు ఆగి మళ్లీ అందింది కాబట్టి లక్షణాలు పోయాయి. కానీ రక్తాన్ని ఆపిన కారణం ఎక్కడికీ పోలేదు. వెంటనే చికిత్స మొదలుపెట్టే అలవాటు లేని రోజుల్లో తీసిన లెక్కల ప్రకారం, ఇలా వచ్చి పోయినవాళ్లలో సుమారు పదిమందికి ఒకరు మూడు నెలల లోపల అసలు పక్షవాతంతో పడ్డారు, వాళ్లలో సగం మందికి అది మొదటి రెండు రోజుల్లోనే వచ్చింది. మెడలో రక్తనాళం పూడుకుపోయిన వాళ్లకు ఈ ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఈ వ్యాసం వాళ్ల గురించే.

"మెడ నరం బ్లాక్ అయింది" అని జనం అంటుంటారు గానీ అది నరం కాదు, రక్తం మోసే ధమని. పేరు కెరోటిడ్. మెడకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటుంది, దవడ కింద వేళ్లు పెడితే కొట్టుకుంటూ తగిలేది అదే. గొంతు ముడి పైఅంచు దగ్గరకు వచ్చాక అది రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ మొహానికీ, నెత్తి చర్మానికీ పోతుంది, రెండోది లోపలికి పోయి మెదడుకూ కంటికీ రక్తం ఇస్తుంది. హెచ్చెల్సీ కాలువలో పాయ చీలే చోట నీళ్ల వేగం తగ్గి, అంచున సుడి తిరిగి, అక్కడే ఒండ్రు పేరుకుంటుంది. మెడలోనూ అంతే. బీపీ, షుగరు, పొగ, చెడు కొలెస్ట్రాల్ కలిసి ఏళ్ల తరబడి ఆ చీలిక దగ్గర గోడలో కొవ్వు, సున్నం కలిసిన పూడికను పేరుస్తాయి.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు ఊహ చేసుకుంటారు: పూడిక పెరిగి పెరిగి దారి మూసుకుపోతుంది, మూసుకుపోయినప్పుడు మెదడుకు రక్తం అందక పక్షవాతం వస్తుంది, అని. కొందరిలో అలా జరుగుతుంది. కానీ ఎక్కువమందిలో జరిగేది వేరే, అది అర్థమైతే తక్కిన చికిత్స అంతా దానంతటదే అర్థమవుతుంది.

అనంతపురం రైతుకు దీన్ని చెప్పడానికి డ్రిప్పు పైపు కంటే మంచి ఉదాహరణ దొరకదు. మన బోర్ల నీళ్లలో ఉప్పు ఎక్కువ. లేటరల్ పైపు లోపల తెల్లగా పొర కట్టుకుంటూ పోతుంది. ఆ పొర వల్ల పైపులో నీళ్లు తగ్గినా చెట్లు ఎలాగో బతుకుతాయి. అసలు ఇబ్బంది ఎప్పుడంటే, మోటారు ఆన్ చేసిన ఊపుకు ఆ పొర నుంచి ఒక పెచ్చు ఊడి, నీళ్లతో పాటు కొట్టుకుపోయి, ఎక్కడో ముప్పై అడుగుల దూరంలో ఉన్న సన్నటి డ్రిప్పర్‌లో ఇరుక్కున్నప్పుడు. పైపు బాగానే ఉంటుంది, ఆ డ్రిప్పర్ కింది చెట్టు మాత్రం ఎండుతుంది. మెడలో పూడిక కూడా పైన పగిలితే దాని మీద రక్తం గడ్డ కడుతుంది, ఆ గడ్డ ముక్కో, కొవ్వు పెచ్చో ఊడి పైకి పోయి మెదడులో సన్నటి నాళంలో ఇరుక్కుంటుంది. ముక్క చిన్నదై, తొందరగా కరిగిపోతే పది నిమిషాల టీఐఏ. పెద్దదై కరగకపోతే జీవితాంతం ఉండిపోయే పక్షవాతం. కాబట్టి ఆ రైతుకు పొద్దున జరిగింది "తగ్గిపోయిన జబ్బు" కాదు, మొదటి పెచ్చు ఊడింది. పూడిక పైన పుండు ఇంకా పచ్చిగానే ఉంది, మళ్లీ ఊడటానికి అది ఎక్కువ సిద్ధంగా ఉండేది ఈ మొదటి రోజుల్లోనే.

లక్షణాలను బట్టి ఏ వైపు నాళమో కొంత చెప్పొచ్చు. ఎడమ మెడలో పూడిక ఉంటే కుడిచేయి, కుడికాలు, కుడి మొహం పట్టు తప్పుతాయి, చాలామందికి మాట కేంద్రం ఎడమ మెదడులో ఉంటుంది కాబట్టి మాట కూడా పోతుంది: మనసులో ఉన్నది నోటికి రాకపోవడం, ఒక మాటకు ఇంకో మాట రావడం, ఎదుటివాళ్లు చెప్పేది అర్థం కాకపోవడం. కుడి మెడలో ఉంటే ఎడమవైపు దెబ్బతింటుంది. కంటి సంగతి మాత్రం తిరగేసి ఉంటుంది, పూడిక ఏ వైపు ఉంటే ఆ వైపు కన్నే మసకబారుతుంది. పై నుంచి కిందికి తెర దించినట్టు ఒక కన్ను చీకటై, రెండు మూడు నిమిషాల్లో మళ్లీ వచ్చేస్తుంది. దీన్ని చాలామంది కళ్లద్దాల షాపుకు పోయి చూపించుకుని ఊరుకుంటారు. ఇది కూడా పెచ్చే, కంటి నాళంలో ఇరుక్కుని కరిగిన పెచ్చు. చేయి పడిపోయినంత సీరియస్‌గా దీన్ని తీసుకోవాలి.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. ఉట్టి తల తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం, ఎండలో నిలబడి సొమ్మసిల్లి పడిపోవడం, ఇవి మాత్రమే ఉంటే సాధారణంగా మెడ ధమని పూడికకు గుర్తు కాదు. తల తిరుగుతోందని మెడ డాప్లర్ (నాళంలో రక్తం పారే తీరును చూసే స్కాన్) తీయించి, అందులో పూడిక "40 శాతం" అని చూసి, ఇంటిల్లిపాదీ టెన్షన్ పడి, ఆపరేషన్ కోసం అప్పు చేయడానికి తయారవడం అనవసరం. ఆ నలభై శాతానికి మందులు వాడాలి, పొగ మానాలి, అంతవరకే.

ఇక కాలం ఎక్కడ వృథా అవుతుందో చూద్దాం, ఎందుకంటే ఈ జబ్బులో పోయేదంతా అక్కడే పోతోంది. మూతి వంకర పోగానే ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి నీరసం అని గ్లూకోజు ఎక్కిస్తాడు. ఆలోగా లక్షణాలు ఎలాగూ తగ్గిపోతాయి, ఆ పేరు గ్లూకోజు బాటిల్‌కు పోతుంది. ఇంకో ఊళ్లో పక్షవాతానికి పసరు పోసేవాళ్లు ఉంటారు, అక్కడా ఇదే, తానే తగ్గిన టీఐఏ పసరుతో తగ్గిన పక్షవాతంగా నాలుగూళ్లకు పాకుతుంది. కొంతమంది చీనీ కాయ కోత అయిపోనీ, వేరుశనగ ఎత్తనీ, సోమవారం పోదాం అని ఆగుతారు. వీళ్లలో ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు. నొప్పి లేని జబ్బు, తానే తగ్గిన జబ్బు, దానికోసం యాభై కిలోమీటర్లు పోవాలంటే ఎవరికి మనసొప్పుతుంది. కానీ ఆ రోజే పోవాలి, తగ్గిపోయినా సరే పోవాలి.

ఎందుకంత గట్టిగా చెప్పాల్సి వస్తోందంటే, దీనికి లెక్క ఉంది. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ రాత్‌వెల్ బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. అంతకుముందు అక్కడ కూడా టీఐఏ వచ్చినవాళ్లకు అపాయింట్‌మెంట్, ఉత్తరం, మళ్లీ వాళ్ల డాక్టర్, ఇలా తిరిగి తిరిగి మొదటి మందు చేతికొచ్చేసరికి సగటున 20 రోజులు పట్టేది. పద్ధతి మార్చి, వచ్చిన రోజే చూసి అక్కడే మందులు ఇవ్వడం మొదలుపెట్టారు. మూడు నెలల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చినవాళ్లు నూటికి 10.3 మంది ఉన్నది 2.1కి పడిపోయింది. కొత్త మందేమీ కనిపెట్టలేదు. వాడింది ఎక్కువగా రక్తం గడ్డ కట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీ మాత్రలు, అంటే అనంతపురంలో ఏ మెడికల్ షాపులో అయినా దొరికేవే. మారింది రోజులు మాత్రమే. 2013లో చైనాలో 5,170 మంది మీద జరిగిన పరిశోధన కూడా దీనికి తోడైంది: చిన్న స్ట్రోక్ లేదా టీఐఏ వచ్చిన 24 గంటల లోపల ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి మొదలుపెట్టి మూడు వారాలు ఇస్తే, ఒక్క ఆస్పిరిన్ ఇచ్చినదానికంటే స్ట్రోక్‌లు తగ్గాయి, 11.7 శాతం నుంచి 8.2కి.

అట్లని ఇంట్లో ఉన్న గుండె మాత్ర తీసి నోట్లో వేయకూడదు. మూతి వంకర, చేయి పడిపోవడం మెదడులో రక్తనాళం చిట్లినా వస్తాయి. అప్పుడు రక్తం పల్చబడే మాత్ర వేస్తే ఇంకా ముదురుతుంది. చిట్లిందా, పూడిందా అన్నది సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది, మొహం చూసి ఎంత పెద్ద డాక్టరైనా చెప్పలేడు. లక్షణాలు ఇంకా ఉన్నప్పుడైతే అసలు ఆలోచనే వద్దు, 108కి ఫోన్ చేయాలి, లక్షణం మొదలైన టైము గుర్తుపెట్టుకోవాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, ఆ గడువు లెక్క మొదలయ్యేది ఆస్పత్రిలో కాదు, పొలంలో.

సీటీ తర్వాత ఎమ్మారై, ఈసీజీ, రక్తపరీక్షలు, మెడ డాప్లర్ ఉంటాయి. ఈసీజీ ఎందుకంటే గుండె లయ తప్పి అక్కడ గడ్డ కట్టి పైకి పోయే రకం కూడా ఉంది, దానికి వాడే మందులు వేరు. ప్రతి పక్షవాతానికీ మెడే కారణం కాదు. మెదడు లోపలి సన్న నాళాలు బీపీ, షుగరుతో పాడై వచ్చేవి చాలా ఉన్నాయి, పైగా మన భారతీయుల్లో పుర్రె లోపలి పెద్ద నాళాల్లో పూడిక తెల్లవాళ్లలో కంటే ఎక్కువ. ఆ లోపలి పూడికకు స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) వేయడం మందులకంటే ఎక్కువ హాని చేసిందని 2011లో అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. అందుకే రిపోర్టులో బ్లాక్ అన్న మాట కనపడగానే స్టెంట్ అని పరిగెత్తకుండా, బ్లాక్ మెడలోనా తలలోనా అని ముందు అడగాలి.

మెడలోనే అని తేలాక, రెండు ప్రశ్నలు: ఎంత శాతం, ఆ వైపు లక్షణం వచ్చిందా లేదా. డాప్లర్ చెప్పే శాతం తీసే మనిషిని బట్టి, మెషిన్ను బట్టి కొంత అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఆపరేషన్ దాకా పోయే ముందు సీటీ యాంజియో లేదా ఎమ్మార్ యాంజియోతో, అంటే రక్తనాళాలను చూపించే స్కాన్‌తో, సరిచూసుకుంటారు. ఇది డబ్బు గుంజే పరీక్ష అని అనుమానపడాల్సిన పని లేదు, మెడ కోసే ముందు రెండోసారి కొలవడం న్యాయమే.

శాతం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. మెడ ధమనిని కోసి లోపలి పూడికను ఒలిచి తీసే ఆపరేషన్‌ను 1953లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ చేశారు. తర్వాత దశాబ్దాల పాటు వేలమందికి చేస్తూ పోయారు, కానీ ఎవరికి మేలు, ఎవరికి నష్టం అన్నది తూకం వేసి చూసింది మాత్రం 1991లో. ఉత్తర అమెరికాలో జరిగిన ఆ పెద్ద పరిశోధనలో, లక్షణాలు వచ్చి 70 నుంచి 99 శాతం పూడిక ఉన్నవాళ్లను రెండు గుంపులు చేశారు. మందులు మాత్రమే వాడినవాళ్లలో రెండేళ్లలో నూటికి 26 మందికి ఆ వైపు స్ట్రోక్ వచ్చింది, ఆపరేషన్ చేసినవాళ్లలో 9 మందికే. ఆ తొమ్మిదిలో ఆపరేషన్ వల్ల వచ్చినవి కూడా కలిసే ఉన్నాయి. తేడా అంత పెద్దదిగా కనపడటంతో ఈ గుంపు వరకు పరిశోధనను ముందే ఆపేశారు. 50 నుంచి 69 శాతం పూడిక ఉన్నవాళ్లకు మేలు ఉంది గానీ తక్కువ, ఐదేళ్లలో 22 మంది నుంచి 16 మందికి తగ్గింది. 50 లోపు ఉంటే కోత వల్ల ఏ లాభమూ లేదు.

ఈ లెక్కలన్నీ లక్షణాలు వచ్చినవాళ్లవి. ఏ లక్షణమూ లేకుండా హెల్త్ చెకప్‌లో బయటపడిన పూడిక సంగతి పూర్తిగా వేరు, అక్కడ ప్రమాదం చాలా తక్కువ, ఇప్పటి మందులతో ఇంకా తక్కువ. వాళ్లను ఎవరైనా "రేపే స్టెంట్ వేయకపోతే పక్షవాతమే" అని భయపెడితే రెండో డాక్టర్‌ను అడిగి తీరాలి.

చాలామందిని కలవరపెట్టేది ఇంకొకటి ఉంది. "ఎనభై శాతం పూడికకు ఆపరేషన్ అన్నారు, మా నాయనకు నూటికి నూరు శాతం మూసుకుపోయిందంట, ఆయనకు మాత్రం ఏమీ చేయం, మందులు వాడమంటున్నారు, వదిలేశారా?" వదిలేయలేదు. డ్రిప్పు పైపు గుర్తు తెచ్చుకోండి. పైపు పూర్తిగా మూసుకుపోయాక అందులో నీళ్లే పారవు, పారని పైపులోంచి పెచ్చులు కొట్టుకుపోవు. మూసుకుపోయిన నాళం నుంచి పైకి ముక్కలు పోయే ప్రమాదం బాగా తగ్గిపోతుంది, రెండో వైపు నాళం నుంచీ, మెడ వెనక నాళాల నుంచీ మెదడు అడుగున ఉన్న అడ్డదారుల గుండా రక్తం వస్తుంది. ఆ మూసుకుపోయినదాన్ని తెరవబోతే లోపల ఉన్న గడ్డంతా పైకి పోయే ప్రమాదం ఉంది. నెత్తి మీది నాళాన్ని మెదడు నాళానికి కలిపి బైపాస్ చేస్తే ఏమైనా ఉపయోగమా అని 1985లో ఒకసారి, 2011లో మరోసారి పరిశోధనలు వచ్చాయి, రెండింట్లోనూ మందులకంటే మేలు కనపడలేదు. కాబట్టి 100 శాతం అన్నప్పుడు మందులు, బీపీ మరీ పడిపోకుండా చూసుకోవడం, మిగిలిన రెండో వైపు నాళాన్ని కాపాడుకోవడం, ఇదే సరైన చికిత్స. దారం పోగంత సందు మాత్రమే మిగిలి, దాని అవతల నాళమంతా కుంచించుకుపోయినవాళ్లలో కూడా ఆపరేషన్ వల్ల లాభం అంతంతమాత్రమే.

70 శాతం దాటింది, లక్షణం వచ్చింది, ఆపరేషన్ మేలు అని తేలింది. ఇప్పుడు మళ్లీ కాలం దగ్గరికే రావాలి. 2004లో రాత్‌వెల్ బృందమే పాత పరిశోధనల లెక్కలన్నీ కలిపి చూసింది. 50 శాతం పైన పూడిక ఉన్నవాళ్లకు లక్షణం వచ్చిన రెండు వారాల లోపల చేస్తే, ఐదుగురికి చేసిన ఆపరేషన్‌లో ఒకరికి ఐదేళ్లలో రాబోయే స్ట్రోక్ తప్పింది. పన్నెండు వారాలు దాటాక చేస్తే అదే ఒక్కరిని కాపాడటానికి 125 మందిని కోయాల్సి వచ్చింది. ఆపరేషన్ అదే, కత్తి అదే. మూడు నెలల తర్వాత పుండు మానిపోతుంది, లేదా రావాల్సిన పక్షవాతం అప్పటికే వచ్చేసి ఉంటుంది. మంచిరోజు చూసుకుని, పంట డబ్బులు వచ్చాక, ఉగాది దాటాక అని వాయిదా వేస్తే చేతిలో మిగిలేది ఆపరేషన్ రిస్కు మాత్రమే, దాని లాభం కాదు. ఒక మినహాయింపు: అప్పటికే పెద్ద స్ట్రోక్ వచ్చి మెదడులో పెద్ద భాగం దెబ్బతిని ఉంటే డాక్టర్లే కొన్ని వారాలు ఆగుతారు, వెంటనే రక్తం వదిలితే దెబ్బతిన్న చోట చిట్లుతుందని.

ఆపరేషన్‌లో మెడ పక్కన కోసి, ధమనిని పైనా కిందా క్లిప్పులతో ఆపి, నిలువునా తెరిచి, గోడకు అంటుకున్న పూడికను తొక్క ఒలిచినట్టు ఒలిచేస్తారు. తర్వాత నాళం ఇరుకు కాకుండా చిన్న అతుకు వేసి కుడతారు. పూర్తి మత్తుతోనూ చేస్తారు, మెడకు మాత్రమే మత్తు ఇచ్చి మెలకువగానూ చేస్తారు, ఫలితాల్లో తేడా లేదని 2008లో తేలింది. స్టెంట్ అయితే తొడ దగ్గరో, మణికట్టు దగ్గరో నాళంలోంచి సన్నటి గొట్టం పంపి, పూడికకు పైన గొడుగు లాంటి చిన్న జల్లెడ విప్పి, బెలూన్‌తో దారి వెడల్పు చేసి, స్టెంట్ విప్పుతారు. ఊడిన పెచ్చులు పట్టుకోవడానికే ఆ జల్లెడ, డ్రిప్పులో స్క్రీన్ ఫిల్టర్ చేసే పనే.

ఏది మేలు? "కోత లేకుండా అయిపోతుంది" అన్న ఒక్క మాటకు చాలామంది స్టెంట్ వైపు మొగ్గుతారు. ఆ ఒక్క కారణం చాలదు. 2010లో వచ్చిన అమెరికా, కెనడా పరిశోధనలో 2,502 మందిని చూస్తే, చికిత్స చుట్టూ ఉన్న రోజుల్లో స్ట్రోక్ స్టెంట్ వేసినవాళ్లలో నూటికి 4.1, ఆపరేషన్‌లో 2.3. గుండెపోటు మాత్రం తిరగబడింది, స్టెంట్‌లో 1.1, ఆపరేషన్‌లో 2.3. ఆ మొదటి రోజులు దాటాక రెండూ ఏళ్ల తరబడి సమానంగా కాపాడాయి. వయసు డెబ్బై దాటినవాళ్లకు మొత్తం మీద ఆపరేషన్ మేలుగా కనపడింది, ఎందుకంటే ముసలితనంలో ఛాతీలోని పెద్ద ధమని వంకరటింకరగా, సున్నం పట్టి ఉంటుంది, గొట్టం దాన్ని రాసుకుంటూ పోయేటప్పుడే పెచ్చులు ఊడే ప్రమాదం ఉంది. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లు, మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లు, ఇదివరకు అదే చోట ఆపరేషన్ అయినవాళ్లు, పూడిక దవడ ఎముక వెనక మరీ పైన ఉన్నవాళ్లు, వీళ్లకు స్టెంట్ నయం.

రిస్కుల గురించి దాచిపెట్టకుండా మాట్లాడుకోవాలి. ఆపరేషన్ చేసేటప్పుడే స్ట్రోక్ రావొచ్చు. లక్షణాలు వచ్చినవాళ్లలో ఆపరేషన్ వల్ల స్ట్రోక్ లేదా మరణం నూటికి ఆరు లోపు ఉండే చోటనే చేయించుకోవాలని మార్గదర్శకాలు చెబుతాయి, ఆరు దాటితే లాభమంతా అక్కడే ఖర్చయిపోతుంది. కాబట్టి "మీరు ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు సార్, ఎంతమందికి ఇబ్బంది అయింది" అని అడగడం డాక్టర్‌ను అవమానించడం కాదు. బాగా చేసే డాక్టర్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. మెడలో నరాలు సాగి కొన్నాళ్లు గొంతు బొంగురుపోవడం, నాలుక ఒక పక్కకు పోవడం, పెదవి మూల వంగడం ఉంటాయి, చాలామందిలో వారాల్లో, నెలల్లో సర్దుకుంటాయి.

అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 200 కిలోమీటర్లు. ఈ ఆపరేషన్ రోజూ చేసే వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్లు పెద్ద ఊళ్లలోనే ఎక్కువ, కాబట్టి చాలా కుటుంబాలు హైవే పట్టుకుని అటో, హైదరాబాదుకో, తిరుపతికో పోతాయి. పోవడం తప్పు కాదు, కానీ మందులు మొదలుపెట్టకుండా పోవడం తప్పు. ముందు దగ్గర్లో సీటీ ఉన్న ఆస్పత్రిలో, జిల్లా కేంద్రంలోని సర్వజన ఆస్పత్రిలోనైనా సరే, రక్తస్రావం లేదని తేల్చుకుని అక్కడే మొదటి డోసు వేయించుకుని, ఆ తర్వాతే బండెక్కాలి. స్కాన్ ఫిల్ములు, సీడీ, ఈసీజీ, డాప్లర్ కాగితాలు, వేసిన మందుల చీటీ వెంట ఉండాలి, లేకపోతే అక్కడ అన్నీ మళ్లీ మొదటి నుంచి తీసి రెండు రోజులు పోతాయి. వైద్య సేవ కార్డు మీద ఏ ఆస్పత్రిలో దేనికి అనుమతి వస్తుందో బయల్దేరకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను గానీ, 104కి ఫోన్ చేసి గానీ కనుక్కుంటే మేలు.

చికిత్స అయ్యాక బస్సెక్కి ఊరికొచ్చేసిన తర్వాత కూడా గమనించాల్సింది ఒకటుంది. ఏళ్లుగా తక్కువ రక్తానికి అలవాటు పడిన మెదడులోకి ఒక్కసారిగా వరద వచ్చినట్టు రక్తం వస్తుంది. కొద్దిమందిలో ఆ వైపు తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, అరుదుగా లోపల చిట్లడం జరుగుతుంది. మొదటి రోజుల నుంచి నెల దాకా ఇది రావొచ్చు. దీనికి మూలం ఎక్కువగా అదుపు తప్పిన బీపీ. కాబట్టి ఆ నెల రోజులు ఇంట్లోనే బీపీ చూసుకోవాలి, తలనొప్పి వస్తే అమృతాంజనం రాసి ఊరుకోకూడదు.

మందుల సంగతి ఆపరేషన్‌తో అయిపోదు, అసలు అక్కడే చాలామంది జారిపోతారు. ఒలిచి తీసింది నాలుగైదు సెంటీమీటర్ల మేర పూడికనే, అదే జబ్బు గుండె నాళాల్లో, రెండో వైపు మెడలో, కాళ్లలో ఉంటుంది. స్టెంట్ వేసినవాళ్లకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కనీసం నెల రోజులు, ఆ తర్వాత ఏదో ఒకటి జీవితాంతం. పన్ను పీకించుకోవాలనో, తిరుమలలో మొక్కు ఉపవాసమనో ఆ నెలలో మాత్ర ఆపితే స్టెంట్ లోపలే గడ్డ కట్టొచ్చు. స్టాటిన్ గురించి ఊళ్లలో రెండు మాటలు వినపడతాయి: "నాకు కొలెస్ట్రాల్ నార్మలే, ఎందుకు వాడాలి", "అది లివర్‌ను పాడు చేస్తుంది". ల్యాబ్ కాగితంలో నార్మల్ అని రాసేది జబ్బు లేనివాళ్లకు. మెడలో పూడిక ఉన్నవాళ్లకు చెడు కొలెస్ట్రాల్ 70 లోపల ఉండాలి. స్టాటిన్ ఆ అంకెను దించడమే కాదు, పూడిక పైపొరను గట్టిపరిచి పెచ్చులు ఊడకుండా చేస్తుంది. లివర్‌కు నిజంగా పెద్ద హాని అరుదు, ఒంటినొప్పులు వస్తే డాక్టర్‌కు చెప్పి మోతాదో, మందో మార్పించుకోవాలి గానీ మానేయకూడదు. బీపీ 130/80 లోపల, షుగరు అదుపులో. బీడీ, సిగరెట్, గుట్కా పూర్తిగా మానాలి, "రోజుకు రెండే" అన్న బేరం ఇక్కడ చెల్లదు. ఉప్పు తగ్గించమంటే సంగటిలోకి ఊరుబిండి మానేయమని కాదు, ఆ పక్కన రోజూ పడే ఊరగాయ, అప్పడం, సాయంత్రం బజ్జీలు తగ్గితే చాలా మార్పు వస్తుంది. మే నెల ఎండల్లో ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది, నాళం ఇరుకుగా ఉన్నవాళ్లకు రెండూ మంచివి కావు. పొలానికి పోయేటప్పుడు నీళ్ల బాటిల్ మరవకూడదు.

డాప్లర్ మళ్లీ నెలకో, ఆరు నెలలకో, తర్వాత ఏడాదికోసారో డాక్టర్ చెప్పినట్టు తీయించాలి, రెండు వైపులా. ఆపరేషన్ చేసిన చోటే మళ్లీ ఇరుకు కావడం కొద్దిమందిలో జరుగుతుంది, మొదటి రెండేళ్లలో గోడ మందం కట్టడం వల్ల వచ్చే ఇరుకు చాలావరకు పెచ్చులు రాల్చే రకం కాదు. వీలైతే అదే ల్యాబులో తీయించడం మంచిది. పాత డాప్లర్ కాగితాలు మాత్రం పారేయొద్దు, పెట్టెలో పట్టా పుస్తకం పక్కనే పెట్టుకోండి, అంకె పెరిగిందా లేదా అన్నది కొత్త కాగితాన్ని పాతదాని పక్కన పెట్టి చూస్తేనే తెలిసేది.